విప్పే అడుగు

18 జూన్ 2001

బడి తెరిచి వారం. హెడ్మాస్టరు పిలిచారు. పంద్రాగస్టుకు మండలంలో ప్రతి బడీ ఒక ఆట వెయ్యాలట. పోయినేడు మన పిల్లలు సినిమా పాటకు ఎగిరి ఊరందరి చేతా చీవాట్లు తిన్నారు. "ఈసారన్నా మన పల్లె సరుకు ఏదన్నా చేయించండి మేడమ్" అన్నారు.

"జడకోలాటం చేయిస్తాను సార్." — అన్నది నేనే. ఈ నోరు నాదే.

ఎనిమిదో తరగతి ఆడపిల్లలకు చెప్పాను. పైనుంచి ఎనిమిది తాళ్ళు వేలాడతాయి. తలా ఒక తాడు పట్టుకొని, పాటకు అడుగేస్తూ, సగం మంది కుడికి, సగం మంది ఎడమకు. ఒకరికి లోపలగా, ఇంకొకరికి బయటగా. అలా తిరుగుతుంటే పైన తాళ్ళు జడగా అల్లుకుంటాయి. అల్లితే సరిపోదు, ఆడుతూనే మళ్ళీ విప్పాలి. నోళ్ళు తెరుచుకొని విన్నారు. సంతోషం. ఇంటికొచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది, విప్పడం నాకే రాదని.

19 జూన్

ఎవరిని అడగాలో తెలుసు. ఎలా అడగాలో తెలియదు. వంకాయ కూర మాడ్చాను.

21 జూన్

ఈ ఊళ్ళో ఆ ఆట తెలిసినవాళ్ళు ఇద్దరే. పాట నాగప్ప మామది. అడుగు ఓబుళేసు చిన్నాయనది. ఒకరికి గొంతు ఇచ్చి, ఇంకొకరికి కాళ్ళు ఇచ్చాడు దేవుడు. మామ భార్య వెంకటమ్మత్త చిన్నాయనకు సొంత అక్క. అంటే బావా బామ్మర్దులు. ఇరవైమూడేళ్ళుగా మాటల్లేవు. ఎందుకు లేవో ఊరు ఒక కథ చెప్తుంది. అసలు సంగతి నాకు తెలుసు, నాకొక్కదానికే. మా ఆయనకు కూడా చెప్పలేదు. ఇక్కడ రేపు రాస్తాను.

22 జూన్

రాయలేదు. పిల్లల నోట్సులకు అట్టలు వేశాను. సాకు.

24 జూన్

సరే. రాసేస్తున్నా.

1978. నాకు ఎనిమిదేళ్ళు. పక్క ఊరి తిరునాళ్ళు. మా పిల్లల జట్టులో అందరికన్నా చిన్నదాన్ని. నాగప్ప మామ పాడుతున్నాడు, ఓబుళేసు చిన్నాయన చప్పట్లతో అడుగు చెప్తున్నాడు. జడ బ్రహ్మాండంగా పడింది. జనం ఈలలు. తర్వాత విప్పడం... నాలుగో చుట్టులో నేను బయటగా పోవాలి. జిలేబీ బండి కనబడింది. వేడి వేడిగా తీసి పళ్ళెంలో వేస్తున్నాడు వాడు. చూస్తూ చూస్తూ లోపలికి పోయాను. ఒక్క అడుగు. నా వెనక పిల్ల నన్నే చూసి వచ్చింది, ఆమె వెనక ఇంకొకామె. తాళ్ళు బిగుసుకుపోయాయి. లాగేకొద్దీ ముడి. మూడూళ్ళ జనం పకపకలు. చివరికి ఎవరో కొడవలి తెచ్చి కోసేశారు.

"నువ్వు అడుగు తప్పు నేర్పినావు" — మామ.

"నువ్వు చరణం మింగినావు" — చిన్నాయన.

చొక్కాలు పట్టుకున్నారు. పెద్దమనుషులు విడదీసి, మా పిల్లల్ని వరసగా నిలబెట్టి అడిగారు, తప్పు ఎవరు తిరిగినారు అని. అందరితో పాటు నేనూ తల అడ్డంగా ఊపాను.

అంతే. ఇరవైమూడేళ్ళు. వెంకటమ్మత్త పుట్టింటి గడప ఎప్పుడు తొక్కినా ఒంటరిగానే. చిన్నాయన కూతురి పెళ్ళిలో మొగుడి పక్కన కూర్చోవలసిన పీట మీద సంచి పెట్టుకొని కూర్చుంది. ఆ సంచిని నేను చూశాను. అప్పుడు కూడా చెప్పలేదు. సిగ్గులేని దాన్ని.

26 జూన్

రాశాక తేలిగ్గా ఉంది. బరువు దిగింది అనను, భుజం మార్చుకున్నట్టుంది.

ఈ రోజంతా చిన్నప్పటి అల్లికలే గుర్తు. దేన్ని వదిలాను గనక! జొన్నాకులు, కలబంద నార, చెనిక్కాయ కట్టె పీకాక మిగిలిన తీగలు. మా మేకపోతు గడ్డానికి మూడు పాయలు వేసి రిబ్బను కట్టాను. నాయన చూసి నవ్వినాడు. అమ్మ చూసి తన్నింది. అది మాత్రం వారం రోజులు పెళ్ళికొడుకులా తిరిగింది ఊరంతా.

28 జూన్

టౌనుకు పోయి రంగురంగుల నైలాను తాడు కొన్నాను. వేపకొమ్మకు పాత సైకిలు రిమ్ము కట్టించి ఎనిమిది తాళ్ళు వేలాడదీశాం. పిల్లలు అల్లారు. చెయ్యి వదలగానే జడ సర్రున జారి విడిపోయింది. ఆడకుండానే విప్పడం నేర్చుకున్నాం అని హసీనా చప్పట్లు కొట్టింది. ఆ పిల్లను ఏం చెయ్యాలి. అందరికన్నా పొట్టిది, అందరికన్నా నోరు.

30 జూన్

నైలాను సంగతి వెంకటమ్మత్తకు చెప్తే పడీ పడీ నవ్వింది. "ఎవరు చెప్పినారే నీకు? నైలాను జారతాది. నూలు కావాల. పాత చీరలు చించి పేనుకోండి. మనిషి ఒంటిమీద నలిగిన బట్టకు పట్టుంటాది."

తన పాత చీరలు రెండు ఇచ్చింది. ఒకటి ఎర్రంచుది. బాగానే ఉంది కదత్తా అంటే, "ఎత్తుకపో. పెట్టెలో పురుగులు తింటాండాయి" అంది.

3 జూలై

నాగప్ప మామ ఒప్పుకున్నాడు! నేను అడగలేదు. అత్త అడిగింది. షరతు ఒకటే. "వాడు ఆ చుట్టుపక్కలకు రాకూడదు." ఏ వాడో అడిగేంత తెలివితక్కువ దాన్ని కాను.

అరుగు మీద కూర్చొని గొంతు సవరించుకొని పాడాడు. డెబ్బై దగ్గరపడినా గొంతు చెక్కు చెదరలేదు.

కొండ మీద మబ్బూ
మబ్బు కింద చేనూ
చేను గట్టున చిలుకా
చిలుక ముక్కున గింజా
గింజ లోన వానా

ఒక పాదం చివర విడిచిన మాటను కింది పాదం మొదట పట్టుకుంటుంది. తొమ్మిదో తరగతికి బోర్డు మీద రాస్తుంటాను, ముక్తపదగ్రస్తం అని. పద్యాల్లో చూపించి పిల్లల ప్రాణం తీస్తుంటాను. చిన్నప్పుడు నోటికి వచ్చిన పాటలో అదే ఉందని ఇన్నేళ్ళూ తోచలేదు.

మామకు ఆ పేరు చెప్పాను. "దానికి పేరెందుకమ్మా? పట్టుకో, ఇడువు, పట్టుకో. జడయినా అంతే, పాటయినా అంతే."

"విప్పే పాట ఏది మామా?"

ముఖం మాడ్చుకున్నాడు. "అది నాకు రాదు. నాకు అల్లేదే వస్తాది." తిరునాళ్ళలో పాడింది తనే. నాకేమో గుర్తు లేదు.

8 జూలై, ఆదివారం

తలంటు. జడ విప్పుకుంటున్నాను. చేతులు వాటంతట అవే కొస దగ్గరికి పోయాయి. జడను పైనుంచి ఎవరు విప్పుతారు? చివర వేసిన పాయను ముందు విడదీస్తాం. సగం విప్పిన జుట్టుతో వచ్చి ఈ పుస్తకం తీశాను.

గింజ లోన వానా
చిలుక ముక్కున గింజా
చేను గట్టున చిలుకా
మబ్బు కింద చేనూ
కొండ మీద మబ్బూ

కుదిరింది! అక్షరం మార్చలేదు. పై పాదం మొదట ఉన్న మాట కింది పాదం చివర దొరుకుతుంది. అల్లేటప్పుడు కొండ నుంచి గింజలోకి దిగుతాం. విప్పేటప్పుడు గింజలోంచి బయలుదేరి మళ్ళీ మబ్బు దగ్గరికి ఎక్కుతాం. విప్పే పాట అని వేరే లేదు. ఇదే.

గట్టిగా పాడేశాను. "నూనె కారుతాంది, ముందు తల కడుక్కో" — మా ఆయన. ఆయనకు పద్యం విలువ తెలియదు, దుప్పటి విలువ తెలుసు.

10 జూలై

పాట దొరికింది. అడుగు దొరకలేదు. అల్లిన చీర తాళ్ళు విప్పబోతే మూడో చుట్టులోనే ముడి. రిమ్ము దించి చేతులతో విప్పేసరికి బెల్లు కొట్టారు.

11 జూలై

ముడి.

12 జూలై

రెండు ముడులు. హసీనా లెక్కపెడుతోంది, పైకి.

15 జూలై

ఓబుళేసు చిన్నాయన ఇంటికి పోయాను. ఎద్దుకు గిట్టలు చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

"పిల్లలకు విప్పే అడుగు..."

"మా బావ పాడతాండాడంట కదా."

"పాట వరకే..."

"ఇంకేం మరి. ఆయప్పకు అన్నీ వచ్చు. తప్పులన్నీ మావి కదా."

ఎద్దు కూడా నా పక్క అదోలా చూసింది. మజ్జిగ ఇచ్చారు, తాగి వచ్చాను.

19 జూలై

వెంకటమ్మత్త బడికే వచ్చింది, ఇంకో చీర చంకన పెట్టుకొని. వేపచెట్టు కింద కూర్చున్నాం. పిల్లలు పేలికలు పేనుతున్నారు.

"యాష్టకొచ్చిందే పద్మా. ఇద్దరికీ మధ్యన నేనే టెలిఫోను. 'మీ తమ్మునికి చెప్పు', 'మీ ఆయనకు చెప్పు'. చెప్పీ చెప్పీ నోరు పడిపోతాంది. నాకేం మిద్దెలు కావాల్నా, మేడలు కావాల్నా? నా తమ్ముడొచ్చి నా ఇంట్లో ఒక్క పూట ముద్ద తిని పోతే సాలు. నేను పొయ్యేలోపల."

నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను. తర్వాత ఏడో తరగతి క్లాసులో సుద్దముక్క పట్టుకొని బోర్డు వైపే చాలాసేపు నిలబడ్డాను.

20 జూలై

చెప్పాలి. పిల్లల ఆట కోసం అయితే వద్దు. అత్త కోసం.

21 జూలై

చెప్తే ఏమవుతుంది? ఊరంతా నవ్వుతుంది. టీచరమ్మ పరువు పోతుంది. పిల్లలకు రోజూ 'నిజం చెప్పాలి' అని కాపీ రాయిస్తాను. ఛీ, భయం ఎనిమిదేళ్ళప్పటిదే, ఒక్క అంగుళం పెరగలేదు.

22 జూలై, ఆదివారం

చెప్పేశాను.

పొద్దున టీ అంగడి. ఆ ఇద్దరూ రోజూ అక్కడికే వస్తారు. ఒకటే బెంచీ, రెండు కొసలు, ఒకరి వీపు ఒకరికి. ఇంకో అంగడికి పోవచ్చు కదా? పోరు. నేను పోయి ముందు నిలబడ్డాను.

"మామా, చిన్నాయనా. ఆ పొద్దు తిరునాళ్ళలో తప్పు తిరిగింది నేను. నాలుగో చుట్టులో. జిలేబీ బండి చూస్తా లోపలికి పోయినా. అడిగితే అబద్ధం చెప్పినా. పాట తప్పు కాదు, అడుగు తప్పు కాదు."

ఇంట్లో అచ్చు తెలుగులో నాలుగుసార్లు అనుకొని పోయాను. అక్కడ ఊరి మాటే వచ్చింది.

మామ బెంచీ మీద ఇటు తిరిగాడు.

"జిలేబీనా?" — నాగప్ప మామ.

"జిలేబీ బండి" అన్నాను, అదేదో పెద్ద తేడా ఉన్నట్టు.

చిన్నాయన గ్లాసు కింద పెట్టాడు. నన్ను చూడలేదు, నేలను చూస్తున్నాడు. "మాయమ్మ సచ్చిపోయినప్పుడు... సొంత అల్లుడుండి, పాడె పట్టనీకి రాలేదు."

మామ కండువాతో మొహం తుడుచుకున్నాడు. "వచ్చినా. చింతచెట్టు కాడ నిలబడినా. దగ్గరికి రానీకి మొగం సెల్లలేదు."

"నిలబడినావు. చూసినా."

ఇరవైమూడేళ్ళ తర్వాత ఆ ఇద్దరి మధ్య నేరుగా నడిచిన మాట అది. నాకు కన్నీళ్ళు ఆగలేదు. వాళ్ళకు మాత్రం ఆ తర్వాతే కోపం వచ్చింది. ఇద్దరికీ ఒక్కసారే, నా మీద.

"నోట్లో ఏం పెట్టుకోన్యావే ఇన్నేండ్లు?" — మామ.

"పైగా పిల్లోళ్ళకు పాఠాలు చెప్తాండాదంట!" — చిన్నాయన.

"పాట ఎత్తుకపోయె నా కాడ. నోరు తెరవల్యా."

"మజ్జిగ తాగిపోయె నా ఇంట్లో. నోరు తెరవల్యా."

తిట్లన్నీ తిన్నాను. తినవలసినవే. ఇక నుంచి పాటా లేదు, అడుగూ లేదు, మా గడప తొక్కొద్దు అన్నారు. ఎవరు ఏ మాట అన్నారో కూడా తెలియలేదు, ఒకరు మొదలుపెడితే ఇంకొకరు పూర్తి చేశారు.

మా ఆయనకు చెప్పాను. విని, విని, "జిలేబీ తిన్నావా చివరికి?" అన్నాడు. లేదు. తినలేదు. అది కూడా లేదు.

24 జూలై

పాడేవాడు లేడు, నేర్పేవాడు లేడు, మూడు వారాలు ఉంది. అయినా కడుపు నిండినట్టుంది.

వెంకటమ్మత్త కబురు తెచ్చింది, నవ్వు ఆపుకోలేక. "నిన్నొచ్చినాడే నా తమ్ముడు! ఇద్దరూ అరుగు మీద కూచోని రెండు గంటలు నిన్నే తిట్టుకున్యారు. తిట్టీ తిట్టీ ఆకలయ్యిందంట. ముద్దా ఊరిబిండీ పెడితే రెండు ముద్దలు తినిపాయ. ఇంగా రవ్వన్ని దినాలు తిట్టించుకోవే నీకు పుణ్యముంటాది."

తిట్టుకోమను. ఏడాది తిట్టుకోమను.

30 జూలై

చినుకు. చెనిక్కాయ విత్తే పనికి పోయి సగం మంది పిల్లలు బడికి రాలేదు. వచ్చిన వాళ్ళతో పాట నేనే పాడుతున్నాను. నా గొంతుకు వేపచెట్టు మీద కాకి లేచిపోయింది.

3 ఆగస్టు

బడి ప్రహరీ గోడ మీద ఇద్దరు. వీపులు మా వైపు. ఎవరో చెప్పక్కర్లేదు.

4 ఆగస్టు

మళ్ళీ వచ్చారు. ఈ రోజు కొంచెం పక్కకు తిరిగి కూర్చున్నారు. నా వైపు చూడరు. ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, కాకపోతే బడి మొత్తానికి వినబడేటట్టు.

"బామ్మర్దీ, 'చేను' కాడ గొంతు తెగ్గోసినట్ల ఆపేస్తాంది, చూసినావా? ఆడ సాగదీయాల. అప్పుడే కదా కాలు లేస్తాది."

సాగదీశాను.

"ఇప్పుడు అడ్డూ అదుపూ లేకుండా సాగదీస్తాంది."

తగ్గించాను.

7 ఆగస్టు

ఈ రోజు చిన్నాయన వంతు. "బావా, విప్పేటప్పుడు పిల్లోళ్ళకు మనుషుల్ని చూపిస్తాంది. అల్లేటప్పుడు ముందరి మనిషిని చూడాల. విప్పేటప్పుడు తాడును చూడాల. ఆ మాత్రం తెలీదు, బీయేలు ఎమ్మేలు!"

అదా! ఎన్ని ముడులు పడ్డాయి! చేతిలో తాడు పైన ఎటు వంగి ఉందో అటు పోవాలి. ముందు మనిషి ఎటు పోయిందో అనవసరం. పిల్లలను ఆపి చెప్పాను. నాలుగు చుట్లు విడిపోయాయి. గోడ మీద దగ్గు వినిపించింది, అంతే.

తాళ్ళన్నీ ఎనిమిది మంది అమ్మల చీరలు, అవ్వల చీరలు. ఎర్రంచు, పసుపు, నెమలికంఠం. జడ పడుతుంటే పిల్లలు తలలెత్తి ఎవరి చీర ఎక్కడుందో వెతుక్కుంటున్నారు. తలలెత్తొద్దు అని అరుస్తూ నేనూ ఎత్తాను.

10 ఆగస్టు

హెడ్మాస్టరు, "ఆ పెద్దమనుషులకు కుర్చీలు వేయించనా మేడమ్?" అన్నారు. వద్దన్నాను. కుర్చీలు వేస్తే లేచి వెళ్ళిపోతారు.

14 ఆగస్టు

ఆఖరి ప్రాక్టీసు. పొద్దున పది గంటలకు. అల్లిక బాగా వచ్చింది. విప్పడం మొదలు. ఒకటి, రెండు, మూడు... నాలుగో చుట్టులో తాళ్ళు బిగుసుకున్నాయి.

పిల్లలు ఆగిపోయారు. నా గొంతూ ఆగిపోయింది. గోడ మీది ఇద్దరూ దిగి నిలబడ్డారు. నాగప్ప మామే అడిగాడు, పిల్లలనే.

"తప్పు ఎవరు తిరిగినారు?"

నేను చెప్పింది తప్పు అని నా మీద వేసుకుందామని నోరు తెరిచాను. నాకన్నా ముందే హసీనా చెయ్యి ఎత్తింది.

"నేనే తాతా. నీళ్ళ ట్రాక్టరొస్తాంటే ఆ పక్క చూసినా."

భయం లేదు, ఏడుపు లేదు. ముక్కు తుడుచుకుంటోంది.

ఓబుళేసు చిన్నాయన నవ్వేశాడు. "సరే, తాడు ఎత్తి పట్టుకోని ఒకడుగు ఎనక్కి ఎయ్యి పాపా."

వేసింది. తాళ్ళు వదులయ్యాయి. మామ పాట ఎత్తుకున్నాడు, ఆగిన చోటి నుంచి. పిల్లలు కదిలారు.

అర నిమిషం పట్టింది. అంతే పట్టింది. నేను స్టాఫ్ రూములోకి పోయి తలుపు వేసుకొని ఏడ్చాను, ఎంతసేపో తెలియదు. బయట పాట అయిపోయే వరకూ.

రేపు పొద్దున ఏడింటికి మండలానికి ట్రాక్టరు. అక్కడ ముందు వరసలో ఇద్దరికి చోటు ఉంచమన్నాను. వస్తారా అని అడగడానికి బయటికి వచ్చేసరికి గేటు దాటి వెళ్ళిపోతున్నారు, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకొని. పిలిచాను. ఇద్దరూ ఆగారు. వెనక్కి తిరగలేదు. "రేపు జిలేబీ బండి లేని చోట ఆడించమను" అన్నాడు మామ, బామ్మర్దితో.